పెద్ద ధావళి

మా ఆయనకి కోపం రాదని అందరూ అంటారు. నిజమే, రాదు. ఆయన వాటా కోపం కూడా కలిపి నేనే పడుతున్నాను, కాపరానికి వచ్చిన దగ్గర్నుంచి.

ఆయన పేరు సుబ్రహ్మణ్యం. అరవై ఎనిమిదేళ్ళు. ఏలూరు పవర్‌పేటలో మా ఇల్లు ఎక్కడని అడిగితే మందుల షాపువాళ్ళు చూపిస్తారు, మోకాళ్ళ మాత్రలకి వారంవారం అక్కడికే వెళ్తారు గనక. వృత్తి పౌరోహిత్యం. తాతగారి దగ్గర నేర్చుకున్న చదువు, తండ్రిగారి దగ్గర నేర్చుకున్న నడక. పెళ్ళిళ్ళు మానేసి ఆరేళ్ళయింది. ఇప్పుడు పెళ్ళిళ్ళకి కుర్ర పురోహితులు కావాలి. మైకులో నాలుగు సరదా మాటలు చెప్పాలి, ఫోటోగ్రాఫరు ఆగమంటే మంత్రం ఆపాలి. ఈయన ఆపరు. ఆబ్దికాలకి ఫోటోగ్రాఫర్లు రారు కాబట్టి అవి మాత్రం ఈయనకి మిగిలాయి. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం, సంధ్యావందనం, చేతిలో గుడ్డసంచి, కైకలూరు బస్సు. దిగి ఆటో. వాళ్ళ ఇంట్లో మళ్ళీ స్నానం, మడి. మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, "ఏమేవ్, కాసిని మంచినీళ్ళు" అంటారు. ఆ మాట కూడా ఈ మధ్య సగమే వినపడుతోంది.

ఆయన పట్టింపులు చెప్పుకుంటే నవ్వుతారు. తోలు చెప్పులు వేసుకోరు. తోలు బెల్టు పెట్టుకున్నవాడు ఎదురొచ్చినా పక్కకి తప్పుకుంటారు. పోనీ ఆయన వెళ్ళే ఊళ్ళేమైనా ఈ మడికి పనికొచ్చేవా అంటే, అన్నీ కొల్లేరు పక్క ఊళ్ళే. రోడ్డుకి అటు చేపల చెరువు, ఇటు చేపల చెరువు. బస్సులో ఐసు కారుతున్న ట్రేలు. ఆ బస్సెక్కి చేప తగలకుండా దిగడం వానలో తడవకుండా నడవడం లాంటిదే. అయినా నలభై రెండేళ్ళు సంచిని గుండెలకి హత్తుకుని అలాగే వెళ్ళొచ్చారు. ఆ సంచిలో ఉండేది పెద్ద ధావళి.

పెద్ద ధావళి అంటే ఒక శాలువా. మా ఆయన తాతగారికి ఎవరో జమీందారుగారు సన్మానం చేసి కప్పారట. లేత గోధుమ వన్నె, అద్దకం లేదు, అంచు లేదు, పువ్వు లేదు. చూస్తే ఏముంది అనిపిస్తుంది. చేత్తో పట్టుకుంటే మాత్రం చేతిలో ఏమీ ఉన్నట్టుండదు, కానీ చెయ్యి వెచ్చబడుతుంది. నూలు బట్ట అయితే రోజూ ఉతికి, ఎవరూ ముట్టకుండా ఆరేస్తేనే మడికి పనికొస్తుంది. ఉన్నికి ఆ బాధ లేదు, ఉతక్కపోయినా మైల అంటదంటారు. గొర్రెకి గాని మేకకి గాని ప్రాణం పోకుండా తీసిన బొచ్చు కదా, అందుకని శుద్ధం అని మా మామగారు చెప్పేవారు. అలాగని ఎవరు పడితే వాళ్ళు ముట్టుకోకూడదు. మడిలో ఉన్న చెయ్యే తగలాలి. ఈయన పట్టుపంచె మీద అది కప్పుకుని కూర్చుంటే తప్ప మా ఇంట్లో గాని, మా ఆయన చేయించే ఇళ్ళల్లో గాని పిండం పడలేదు.

ఇక నా సంగతి. ఈ మనిషి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. తిట్టలేదు, కొట్టలేదు, ఏదీ లేదనలేదు. కానీ ఆ ఒక్కటీ ముప్పై ఆరేళ్ళుగా నా గొంతులోనే ఉంది.

మా అమ్మాయి శ్రావ్య అప్పుడు ఏడు నెలల పిల్ల. తుఫాను పట్టి మూడు రోజులు వాన. ఇంట్లో పొడిబట్ట లేదు. పిల్లకి పొత్తిగుడ్డలు కూడా పొయ్యి దగ్గర ఆరబెడుతున్నాను. మూడో రోజు పొద్దున్న పిల్లకి గుండెలో పిల్లికూతలు మొదలయ్యాయి, పెదాలు నీలంగా తిరిగాయి. ఇల్లంతా చూస్తే వెచ్చగా, పొడిగా ఉన్నది ఒక్కటే కనపడింది, పైన మడి దండెం మీద శాలువా. కర్రతో లాగి పిల్లకి చుట్టేశాను. మా అత్తగారు చూశారు. మర్నాడు మామగారి ఆబ్దికం. "మైల చేత్తో దాన్ని ముట్టుకున్నావటే? రేపు ఆయనకి పిండం ఎలా పెట్టేదే?" అంటూ పిల్ల ఒంటి మీంచి విప్పేశారు. మా ఆయన రిక్షా తెచ్చి గొడుగుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన వాళ్ళమ్మ మొహంలోకి చూశారు. "అమ్మ చెప్పినట్టు విను, రత్నం" అన్నారు.

సగం తడి తువ్వాలులో చుట్టి, పైన నా పమిట కప్పి పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పదకొండు రోజులున్నాం. బతికింది. కానీ చలికాలం వస్తే ఇప్పటికీ ఆయాసమే, హ్యాండ్‌బ్యాగులో పీల్చుకునే మందు లేందే గుమ్మం దాటదు. శాలువా కప్పి ఉంటే ఆయాసం వచ్చేది కాదా అంటే ఏ డాక్టరూ చెప్పలేడు. నాకూ తెలుసు. అయినా నా బాధ డాక్టరు తీర్చేది కాదు. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు గానీ, మా అత్తగారి కళ్ళు ఎంతవో అంతే చెబుతాను. ఆవిడకి తెలిసింది అంతే, ఆవిడ మీద కోపం ఎప్పుడో పోయింది. గుమ్మంలో గొడుగు పట్టుకు నిలబడ్డ మనిషి మీదే పోలేదు. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన నోటితో ఆయన అంటారేమో అని చూస్తూ ఉండిపోయాను.

మొన్న డిసెంబరులో, ధనుర్మాసం ఇంకో పది రోజులుందనగా, ఏటా చేసినట్టే స్నానం చేసి మడితో శాలువా తీసి డాబా మీద ఎండలో వేశాను. కింద గేటు దగ్గర "అమ్మా" అన్న పిలుపు. చలికాలం రాగానే కాశ్మీరు నుంచి శాలువాల మూటలు తెచ్చి వీధుల్లో అమ్ముకునే ఆయన. పన్నెండేళ్ళుగా వస్తున్నాడు, తెలుగు బాగానే పట్టుబడింది. నేను ఏటా వద్దంటాను, అతను ఏటా మంచినీళ్ళు తాగి వెళ్తాడు. ఈసారి మూట దింపకుండా తలెత్తి డాబా పిట్టగోడ మీద వేలాడుతున్న కొంగు వంక చూస్తూ నిలబడిపోయాడు.

"అమ్మా, ఆ బట్ట ఎవరిది?"

"మాదే నాయనా. మా మామగారి తండ్రిది."

"బయట వెయ్యొద్దమ్మా. లోపల పెట్టేయ్."

దొంగలనుకున్నాను. కాదన్నాడు. అలాంటిది అమ్మితే జైలు, కొంటే జైలు అన్నాడు. వాళ్ళ తాత అలాంటివి నేసేవాడట, ఇప్పుడు ఎవరూ నెయ్యరట. నాకు అర్థం కాలేదు. "మేక బొచ్చే కదా?" అన్నాను.

"మేక కాదమ్మా. మేకని దువ్వుతాం. బొచ్చు మనకొస్తుంది, మేక మేకలాగే ఉంటుంది. ఇది అడివిది. టిబెట్టు కొండల్లో తిరుగుతుంది, జింక మాదిరి. దాన్ని పట్టుకుని దువ్వడం ఎవరివల్లా కాదు. చంపాలి. చంపి తోలు మీంచి తీస్తారు."

"ఒక్క శాలువాకా?"

అతను నాలుగు వేళ్ళు చూపించాడు. కాస్త ఆలోచించి అయిదోది కూడా తెరిచాడు.

నేను చేసిన మొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నవ్వాను. మెట్ల మీద కూర్చుని, ఆ మనిషి కంగారుపడేలా నవ్వాను. నా ఏడు నెలల పిల్ల తగిలితే మైలపడిపోయేదిరా ఇది అనుకున్నాను. తర్వాత లేచి డాబా ఎక్కాను. మా ఆయన వచ్చేలోపు శాలువా మడిచి, మామూలు పెట్టెలో, మామూలు చీరల మధ్య కుక్కేశాను.

ఆదివారం శ్రావ్య తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. అక్కడ కాలేజీ ఆఫీసులో పని చేస్తోంది. వంటింట్లో తలుపు చేరవేసి అంతా చెప్పాను. ఫోనులో వెతికి చూపించింది. దాని పేరు చిరు అట. మనిషికి ఊపిరాడని ఎత్తులో, గడ్డి కూడా సరిగ్గా మొలవని చోట బతుకుతుందట. ఆ చలికి తట్టుకోవడానికే దానికి ఆ బొచ్చు. ఈనే రోజులొస్తే ఆడవన్నీ మందలుగా కలిసి వందల మైళ్ళు నడిచి వెళ్ళి, ఒకచోట ఈని, పిల్లల్ని వెంటేసుకుని మళ్ళీ అంత దూరమూ నడిచి వస్తాయట. ఒక ఫోటోలో తల్లి నిలబడి ఉంది, పిల్ల దాని పొట్ట కింద దూరి ఉంది. ఇద్దరికీ మధ్య గాలి కూడా చొరబడేలా లేదు. నేను ఆ ఫోటో చాలాసేపు చూశాను. శ్రావ్య ఫోను తీసేసుకుంది.

"నాన్నకి చెప్పకమ్మా" అంది. "వచ్చే వారం సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళి ఫారెస్టు ఆఫీసులో అప్పజెప్పేస్తాను. చిరిగిపోయిందని చెప్పు, ఎలకలు కొట్టేశాయని చెప్పు. ఇన్నేళ్ళు చేసిన పని అంతా తప్పయిపోయిందని ఆయన మంచం ఎక్కితే ఎవరు చూస్తారు?"

"ఆ రోజు నీకు కప్పనిచ్చారా?"

"నాకు గుర్తే లేదు కదమ్మా. గుర్తున్నది నీకు. నీ కోపం నువ్వు మోసుకో, నా నెత్తిన పెట్టకు."

మాట కటువుగా ఉన్నా న్యాయంగానే ఉంది. దాన్ని బస్సెక్కించి వచ్చి, చెప్పకూడదనే అనుకున్నాను. నాలుగు రోజులు కక్కలేక మింగలేక తిరిగాను. చెబితే ఆ మనిషి కూలిపోతారు, అది నాకు తెలుసు. చెప్పకపోతే ఆ గుమ్మంలో మాట అలాగే ఉండిపోతుంది, అదీ తెలుసు. చెప్పాలన్న ఆశలో నిజం కంటే కసే ఎక్కువుంది, అది కూడా ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

గురువారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకి, "ఏమేవ్, పెద్ద ధావళి సంచిలో పెట్టావా? రేపు మండవల్లి, వెంకట్రాజుగారి నాన్నగారిది" అన్నారు.

మామూలుగా అడిగారు. నలభై రెండేళ్ళుగా అడిగినట్టే అడిగారు. నాకే ఆగలేదు.

"పెట్టలేదు. అది మేక బొచ్చు కాదుటండీ" అని మొదలెట్టి మొత్తం చెప్పేశాను. శాలువాల ఆయన, తోలు, నాలుగు వేళ్ళు, అయిదో వేలు, పిల్లతల్లి ఫోటో. అంత నెమ్మదిగా చెప్పాను, ఒక్క ముక్క కూడా తప్పించుకోవడానికి వీల్లేకుండా.

ఆయన విన్నారు. వింటూ వింటూ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపి, కుర్చీ దొరక్క నేల మీదే కూర్చున్నారు.

"నాలుగా, అయిదా?" అన్నారు.

"అయితే ఏవిటండీ?"

"ఎంతమంది ఇళ్ళల్లో కూర్చున్నానే దాంతో. ఎంతమంది పెద్దవాళ్ళకి పెట్టించాను. వాళ్ళందరూ ఆకలితోనే వెనక్కి వెళ్ళిపోయారేమో" అన్నారు.

దెబ్బ తగిలింది. తగిలాక సర్దిచెప్పబోయాను. "పట్టు మాత్రం ఏవిటండీ, పురుగుల్ని ఉడకబెట్టే కదా తీస్తారు? ఒడుగులో జంధ్యానికి లేడి చర్మం ముక్క కట్టట్లేదూ మీరు?"

"లేడి దానంతట అది చచ్చిపోయిందని నమ్మి కడతామే. పట్టు సంగతి తెలిసే కట్టుకుంటున్నాం, ఆ పాపం ఎక్కడ పడాలో అక్కడ పడుతుంది. ఇది తెలీకుండా చేశాను. శుద్ధం శుద్ధం అనుకుంటూ చేశాను."

పిల్ల మాట ఆయన నోట రాలేదు. చచ్చిన జంతువులు గుర్తొచ్చాయి, ఊళ్ళోవాళ్ళ తాతముత్తాతలు గుర్తొచ్చారు, సొంత కూతురు గుర్తుకు రాలేదు. నేను లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలన్నీ ఎత్తి పడేస్తూ తోముకున్నాను. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు, ఒక చెంబు సొట్ట కూడా పడింది.

శుక్రవారం పొద్దున్న ఆయన పట్టుపంచె కూడా తీసుకోలేదు. రెండు నూలు పంచెలు సంచిలో పెట్టుకుని వెళ్ళారు. తడిబట్టతో మడి కట్టుకుంటారని నాకు తట్టింది గానీ, వద్దనడానికి నోరు రాలేదు. మంచు కురుస్తోంది. అరుగు మీద నిలబడి ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కారు వచ్చి ఆగింది. వెంకట్రాజుగారే తీసుకొచ్చారు. యాభై ఏళ్ళ మనిషి, నూటపాతిక ఎకరాల చేపల చెరువుల రైతు. మా ఆయన్ని పసిపిల్లాణ్ణి పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని లోపలికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"దారిలో కైకలూరులో డాక్టరుకి చూపించానండీ, ఇంజెక్షన్ చేశారు. భయం లేదన్నారండీ" అన్నారు వెంకట్రాజుగారు. తర్వాత అరుగు మీదికి వచ్చి గొంతు తగ్గించారు. "చెరువు గట్టు మీద గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదండీ. పంతులుగారు తడిపంచె కట్టుకుని, తడి ఉత్తరీయం కప్పుకుని మూడు గంటలు కూర్చున్నారండీ. మా ఆవిడ పొడిబట్టలు ఇస్తానంటే వద్దన్నారు. అంతా అయ్యాక లేచి నాకు దణ్ణం పెట్టారండీ. ఇన్నేళ్ళూ మీ నాన్నకి సరిగ్గా పెట్టించలేకపోయాను, క్షమించండి అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏవంటానండీ? శాలువా సంగతి చెప్పారు. పంతులుగారూ, వారానికి రెండు లారీల చేపలు పట్టి పంపిస్తాం, మా నాన్న తిన్న తిండీ నేను తింటున్న తిండీ అదే, మీరు ఆ శాలువా కప్పుకున్నారని మా నాన్న విస్తరి ముందునుంచి లేచిపోతాడాండీ అన్నాను. వినలేదండీ. బాబూ, నీ ధర్మం నీది, నా ధర్మం నాది అన్నారు."

వెంకట్రాజుగారు వెళ్ళిపోయాక తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చాను. రగ్గు కప్పాను. దుప్పటి కప్పాను. అయినా మంచం కోళ్ళు ఊగుతున్నాయి. మనిషి ఎంత చిక్కిపోయారో ఆ దుప్పట్ల కింద తెలుస్తోంది. నా కసికి ఇదీ ఫలం అనుకున్నాను. శ్రావ్య వద్దని చెప్పింది. విన్నానా? లేదు. నా మీద నాకే రోత పుట్టింది.

పెట్టె తెరిచి, చీరల మధ్యనుంచి శాలువా లాగాను. స్నానం చెయ్యని ఒళ్ళు, అంట్లు తోమిన చేతులు. తెచ్చి ఆయన భుజాల చుట్టూ కప్పబోయాను. ఆయన కళ్ళు తెరిచి, చూసి, మోచేత్తో పక్కకి తోసేశారు.

"చచ్చిన జంతువులకి ఇప్పుడు చలెయ్యదు గానీ, కప్పుకోండి. మడీ వద్దు, గిడీ వద్దు. మీ ఒళ్ళు చూసుకోండి."

"అది కాదే" అన్నారు. పళ్ళు కొట్టుకుంటుంటే మాట తెగి తెగి వస్తోంది. "శ్రావ్యకి కప్పనివ్వలేదు కదే. నాకెందుకూ."

శాలువా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మాట వస్తే ఏం అనాలో ముప్పై ఆరేళ్ళుగా తయారు చేసి పెట్టుకున్నాను. ఒకటి కాదు, వంద మాటలు. వరస తప్పకుండా నోటికొచ్చు. తీరా వచ్చాక ఇంత చిన్న గొంతుతో, ఇలా వణుకుతున్న మనిషి దగ్గర్నుంచి వచ్చింది. ఒక్కటీ అనబుద్ధి కాలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం ధారగా కారాయి, తుడుచుకోలేదు.

శాలువా కుర్చీ మీద పడేసి, నా పాత చీరలు నాలుగు తెచ్చి రగ్గు మీద ఒకదాని మీద ఒకటి కప్పాను. కాళ్ళ దగ్గర కూర్చుని అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టాను. మంచుగడ్డల్లా ఉన్నాయి.

"పిల్లకి లేనిది నాకెందుకన్న ఆ మాట ఆ రోజు మీ అమ్మతో అనుంటే సరిపోయేదండీ" అన్నాను.

"అవునే" అన్నారాయన.